చుట్టూ లేఅవుట్లు, నడుమ మా చేను: సిటీ పక్కన సాగులో లాభమెంత, నష్టమెంత

నాకు ఫోన్ చేసేవాళ్లలో పదిమందిలో ఆరుగురు ఒకటే మాట అంటారు. "మీకేమన్నా, మీది సిటీ పక్కన భూమి. పండించిందల్లా అమ్ముడుపోతది." నిజమే, అమ్ముడుపోతది. కానీ పైన వీడియోలో నా వెనకాల ఒక తెల్ల గోడ కనబడుతుంది చూడండి. ఆ గోడ కథ చెప్పకుండా అమ్మకం కథ ఒక్కటే చెబితే సగం అబద్ధం చెప్పినట్టే.

మాది మొయినాబాద్ దాటినాక, చేవెళ్లకు పోయే దారిలో లోపలికి ఒక చిన్న ఊరు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లను కాపాడేందుకు 1996లో 111 జీవో తెచ్చినప్పుడు అందులో 84 ఊళ్లు పెట్టారు. మా ఊరు అందులో లేదు. అందుకే ప్లాట్ల రాళ్లు మా దిక్కు తొందరగా వచ్చాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పూర్తయినాక ఇక ఆగలేదు. మా నాయిన కాలంలో ఎకరాలు, గుంటల్లో మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు టీ కొట్టు దగ్గర కూర్చున్న ముసలాయన కూడా "ఎకరానికి 4840 గజాలు" అని నోటికి చెబుతాడు.

మొత్తం మూడున్నర ఎకరాలు. నాకు ఎకరం 30 గుంటలు, తమ్మునికి ఎకరం 30 గుంటలు. తమ్ముడు సిటీలో ఉంటాడు, వాని భాగం కూడా నేనే చేస్తున్నా. తొమ్మిదేండ్ల నుంచి రసాయనం వెయ్యలేదు. ఆకుకూరలు, టమాటా, బీర, సోర, చిక్కుడు, కొంచెం పూలు.

ముందు ఎండ సంగతి చెబుతా. ఎండాకాలం ఎండలు కొత్త కాదు, మేం పుట్టింది ఈ ఎండలోనే. కొత్తగా వచ్చింది రాత్రి వేడి. మా చేను తూర్పు గట్టు మీద లేఅవుట్ వాళ్లు ఎనిమిది అడుగుల ప్రహరీ కట్టారు. అంటే మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండంతా ఆ గోడ మొహం మీదనే. పగలంతా మింగిన వేడిని అది రాత్రి మన చేను మీదికి వదులుతుంది. గోడ అవతల సిమెంటు రోడ్లు, వాటిదీ అదే పని. ఇదివరకు మేలో కూడా రాత్రి పదకొండుకు చేన్లో మంచం వేసుకుంటే దుప్పటి కావాల్సి వచ్చేది. ఇప్పుడు గోడ పక్కన నిలబడితే పొయ్యి దగ్గర నిలబడినట్టే.

నమ్మకం కలగక ఒక థర్మామీటర్ కొని రెండు చోట్ల చూశాను. రాత్రి పదకొండు గంటలకు గోడకు నాలుగు అడుగుల దూరంలో, చేను నడుమ, ఈ రెండింటికీ మూడు డిగ్రీల తేడా వచ్చింది. మూడు డిగ్రీలే కదా అనుకోకండి. రాత్రి చల్లబడకపోతే టమాటా పుప్పొడి దెబ్బతింటుంది, పూత నిలవదు. గోడ పక్క ఆరు సాళ్లు పచ్చగా ఏపుగా ఉన్నాయి, పూత నిండుగా వచ్చింది, కాయ మాత్రం లేదు. నేను తెగులనుకుని పుల్లటి మజ్జిగ కొట్టాను, నీమాస్త్రం కొట్టాను. తెగులు లేనిదానికి మందు ఏం చేస్తుంది?

తర్వాత చేసింది సులువైన పనే. గోడకు ఆరు అడుగులు ఇవతల అవిసె విత్తనం వరసగా పెట్టాను, నడుమ నడుమ మునగ. అవిసె ఎంత తొందరగా లేస్తుందో మీకు తెలుసు, ఏడాదికి గోడను దాటింది. గోడ మీద ఎండ పడడం తగ్గింది, రాత్రి వేడి తగ్గింది. ఆవులకు మేత కలిసొచ్చింది. నాలుగు సాళ్ల జాగా పోయింది, పొద్దున ఎండ కొంచెం తగ్గింది, అది ఒప్పుకోవాలి. దానికి తోడు సాళ్ల మీద అరచేయి మందం ఆచ్ఛాదన వేశాను. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ఒట్టి నేల 54 డిగ్రీలు చూపిస్తే ఆకుల కింద నేల 34 చూపించింది. వానపాములు ఎక్కడ ఉంటాయో మీరే చెప్పండి. ఇంకో మాట, ఈ వేడికి జీవామృతం తొందరగా పులుస్తుంది. డ్రమ్ము తప్పకుండా నీడలో పెట్టండి, పారించేది సాయంత్రమే.

ఎండ కన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది వీధి దీపం. ఇది నేను ఎక్కడా వినలేదు, నెత్తి మీదికి వచ్చినాకనే తెలిసింది. మా చేవెళ్ల దిక్కు చామంతి పాత అలవాటు. వానాకాలం మొదట్లో నాటితే దసరా, కార్తీకానికి పూలు అందుతాయి. ఒక ఏడాది దక్షిణం వైపు పది సాళ్లు మొగ్గ వెయ్యలేదు. మిగతా చేనంతా మొగ్గ తొడిగింది, ఈ పది సాళ్లు మాత్రం ఆకులు పెంచుకుంటూ పోతున్నాయి. దసరా వెళ్లిపోయింది. ఎరువు ఎక్కువైందేమో అన్నాడు ఒకాయన, నారు మంచిది కాదన్నాడు ఇంకొకాయన.

ఒక రాత్రి నీళ్లు కట్టడానికి పోతే అప్పుడు కనబడింది. ఆ పది సాళ్ల మీద పట్టపగలు లాగా తెల్లటి వెలుతురు. లేఅవుట్ వాళ్లు కొత్తగా ఎల్ఈడీ స్తంభాలు పాతారు. చామంతి పొద్దు తగ్గి రాత్రి పొడుగైతేనే మొగ్గ వేసే మొక్క. రాత్రి దీపం వెలుగుతుంటే దానికి ఇంకా పొద్దు గూకనట్టే లెక్క. పాలీహౌసుల్లో పూత ఆపడానికి కావాలని రాత్రిపూట దీపాలు పెడతారు, అదే పని ఇక్కడ నాకు ఊరికే జరిగింది.

లేఅవుట్ సంఘం వాళ్ల దగ్గరికి పోయి చెబితే మొదట నవ్వారు. పువ్వుకు నిద్ర కావాలా అంకుల్ అని. నేను కోపం తెచ్చుకోలేదు, సెల్ఫోన్‌లో రెండు సాళ్ల ఫొటోలు పక్కపక్కన చూపించాను. రెండు దీపాలకు రేకు మూత పెట్టి వెలుతురు రోడ్డు మీదికి తిప్పారు. మిగతావి దొంగల భయం అన్నారు. అది కూడా కాదనలేం, వాళ్ల ఇండ్లు, వాళ్ల పిల్లలు. ఇప్పుడు ఆ వైపు బంతి వేస్తున్నా, బంతి మీద అంత తేడా కనబడలేదు.

ఇక లాభం సంగతి. ఆదివారం పొద్దున ఆరున్నరకు ఆ లేఅవుట్ గేటు దగ్గరే నా బండి ఉంటుంది. అదే గోడ, అదే జనం! తొమ్మిదింటికల్లా ఖాళీ. మార్కెట్లో టమాటా కిలో ఎనిమిది రూపాయలు పలికిన వారం కూడా నేను 40కి అమ్మాను. కిలో 80 అయిన వారం కూడా 40కే ఇచ్చాను, అందుకే వాళ్లు నన్ను వదలరు. కమీషన్ లేదు, హమాలీ లేదు, కిరాయి ఆటో లేదు. పుంటికూర, తోటకూర పొద్దున కోసింది పొద్దుననే వాళ్ల వంటింట్లో ఉంటుంది. నల్లగొండ అవతల నాకంటే బాగా పండించే స్నేహితులున్నారు. వాళ్ల పంట కూడా మామూలు పంటలో కలిసి అదే రేటుకు పోతుంటే నాకే బాధనిపిస్తుంది. సిటీ పక్కన ఉండడమంటే ఇది. పంట మీద పేరు మనదే ఉంటుంది.

రెండో లాభం ఎండుటాకులు. మాఘం నుంచి ఉగాది దాకా ఆ కాలనీల్లో ఆకులు సంచుల కొద్దీ రాలుతాయి. కాల్చేయడమో చెత్త బండికి ఇచ్చేయడమో చేసేవాళ్లు. ఇప్పుడు తోటమాలి ఫోన్ చేస్తాడు, నేను ట్రాలీ తీసుకుపోతా. మూడున్నర ఎకరాల ఆచ్ఛాదన దాదాపు పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. ప్లాస్టిక్ ఏరుకోవాలి, అదొక్కటే పని.

కానీ ఒకసారి దెబ్బ తిన్నాను, మీరు తినకండి. ఆకులతో పాటు లాన్ కోసిన పచ్చగడ్డి కూడా ఇచ్చారు. ఆశపడి చిక్కుడు సాళ్లకు పరిచాను. పదిహేను రోజులకు కొత్త ఆకులు ముడుచుకుని గిన్నెల్లా తిరిగాయి. లాన్‌లో వెడల్పాకు కలుపు చావడానికి మందు కొట్టారట. అది గడ్డిని చంపదు, చిక్కుడు, టమాటాను మాత్రం వదలదు. తొమ్మిదేండ్లు రసాయనం ముట్టని చేన్లోకి నేనే ట్రాలీలో మోసుకొచ్చాను. అప్పటి నుంచి ఒక పరీక్ష పెట్టుకున్నా. తెచ్చిన గడ్డిని మట్టితో కలిపి రెండు కుండీల్లో, ఒట్టి మట్టి రెండు కుండీల్లో వేసి చిక్కుడు గింజలు పెడతాను. రెండు మూడు వారాలకు రెండూ ఒకలాగే లేస్తే గడ్డి చేన్లోకి పోతుంది. తేడా ఉంటే వాపస్. వీడియో చివర్లో ఆ కుండీలు చూపించాను.

మిగతావి మీరు ఊహించగలరు. కూలీలు బిల్డింగ్ పనికి పోతారు, మాకు మిగిలింది ముసలమ్మలే. బోరు నీళ్లు కిందికి పోతున్నాయి, ఎండాకాలం ట్యాంకర్లు రోజంతా తిరుగుతాయి. కుక్కలు రెండు దూడలను కరిచాయి. జీవామృతం వాసన వస్తుందని ఒకామె ఫిర్యాదు చేసింది. పిల్లలను పంపమన్నాను, వాళ్లతోనే డ్రమ్ము కలిపించాను. ఇప్పుడు ఆ పిల్లలే ఆదివారం నా బండి దగ్గర సంచులు పట్టుకుంటారు.

మా రోడ్డు మీద మర్రిచెట్ల గురించి అడుగుతారు చాలామంది. మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాకా సుమారు తొమ్మిది వందల మర్రులు. ఎండలో బండి మీద వస్తూ వాటి కిందికి రాగానే ఒళ్లు తేలికవుతుంది. రోడ్డు వెడల్పు వద్దని నేను అనను, ఆ ఇరుకు రోడ్డు మీద పోయిన ప్రాణాలు చూసినవాణ్ని. చెట్లను నడుమన ఉంచి అటూ ఇటూ రోడ్డు వెయ్యలేరా అన్నదే నా గోస.

ఇక అసలు మాట. ఈ ఏడు తమ్ముడు తన భాగం అమ్మడానికి అగ్రిమెంటు చేశాడు. వాని బిడ్డ చదువుంది, ఇంటి లోను ఉంది. "అన్నా, నువ్వు కూడా అమ్ము. బ్యాంకుల వేస్తే వచ్చే వడ్డీ నీ పంట కన్నా ఎక్కువ" అన్నాడు. లెక్క వేసి చూశాను, వాడు చెప్పింది తప్పు కాదు. మా ఇంటామె రెండు రోజులు ఏం మాట్లాడలేదు, మూడో రోజు "ఆవులను ఎక్కడ కడతావు?" అని మాత్రం అడిగింది. నేను అమ్మడం లేదు. కానీ బోరు తమ్ముని భాగంలో ఉంది. తూర్పు గట్టు అవిసె వరస కూడా వానిదే. నా ఎకరం 30 గుంటల్లో పాయింట్ చూపించాను, పడుతుందో లేదో తెలియదు. పడకపోతే ఆకుకూరలు తగ్గించి ఆముదం, కంది, మునగకు మారాలి, ఆదివారం బండి సగం అవుతుంది. కొత్తాయన గోడ కడితే అది నా వైపు వస్తుంది, మళ్లీ మొదటి నుంచి అవిసె పెట్టుకోవాలి.

సర్వేయర్ వచ్చే సోమవారం వస్తున్నాడు. ఈలోపు అవిసె కాయలు ఎండినవి ఎండినట్టు కోసి విత్తనం తీస్తున్నా. నాకు కావాల్సినంత ఉంచుకున్నాను, ఇంకా రెండు కిలోలు మిగులుతుంది. కావాల్సిన రైతులు ఆదివారం పొద్దున బండి దగ్గరికి వచ్చి తలా పిడికెడు తీసుకుపోండి. సంచి మీరే తెచ్చుకోవాలి.