ఇంట చదివి హెలికాప్టరు పరీక్షకు

కర్నూలులోనో కడపలోనో ఇంట కూర్చుండి హెలికాప్టరు పైలట్ వ్రాత పరీక్షకు చదువుట సాధ్యమా? సాధ్యమే. వైమానిక నియమములు, నావిగేషను అను దారి లెక్కలు, వాతావరణ శాస్త్రము, యంత్ర విషయములు పుస్తకములతో పట్టుపడునవే. పత్రమునకు నూటికి 70 మార్కులు రావలెను. నియమములు వల్లెవేసిన కొంతవరకు గట్టెక్కవచ్చును గాని, వాతావరణ శాస్త్రమునకు అది చాలదు.

ఇందులకు మన యెండయే మంచి గురువు. రోహిణి కార్తెలో గాలి వేడెక్కి పలుచనగును. పలుచని గాలిలో రోటరు రెక్కలకు లేపు బలము తగ్గును. జనవరిలో మోసిన బరువును మే నెలలో అదే యంత్రము మోయలేకపోవచ్చును.

రెండవ పాఠము కఠినమైనది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు హైదరాబాదు నుండి చిత్తూరు జిల్లాకు పయనమైన బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్ట వద్ద కూలి, అందున్న ఐదుగురును మరణించిరి. గేరుపెట్టె చమురు ఒత్తిడి హెచ్చరికపై పైలట్ల దృష్టి నిలిచియుండగా, ఉరుము మేఘపు దిగుడుగాలిలో యంత్రము అదుపు తప్పినదని దర్యాప్తులో తేలినది.

కనుక క్యుములోనింబస్ అధ్యాయమున జవాబును మాత్రము గుర్తుంచుకొని పుట త్రిప్పవలదు. ఆ మేఘములో గాలి ఏల పైకెగయునో, వానతో ఏల నేలకు విరుచుకుపడునో కాగితముపై బొమ్మ గీచి ఇంటివారికి చెప్పుడు. వారికి బోధపడనిచో అధ్యాయము మరల చదువవలసినదే.