పుచ్చు పురుగును తట్టుకునే గింజలు – నిల్వలో మెళకువలు

అపరాలు నిల్వ చేసిన కొన్ని నెలల్లోనే పుచ్చు పురుగు గింజలను తొలిచి, తినడానికీ విత్తడానికీ పనికిరాకుండా చేస్తుంది. అయితే అన్ని గింజలూ ఒకేలా పుచ్చవు. కొన్నింటికి సహజంగానే తట్టుకునే శక్తి ఉంటుంది.

తట్టుకునే శక్తి ఎక్కడుంటుంది?

తల్లి పురుగు గింజపై తెల్లటి గుడ్లు అంటిస్తుంది. పిల్ల పురుగు పొట్టును తొలిచి లోపలి పప్పును తింటూ పెరుగుతుంది. గరుకు పొట్టు ఉన్న గింజలపై గుడ్లు తక్కువగా, నున్నటి వాటిపై ఎక్కువగా పెడుతుంది. కొన్ని గింజలకు రక్షణ పప్పులోనే ఉంటుంది. రాజ్మాలోని ఒక మాంసకృత్తు పురుగుకు పిండిపదార్థం అరగనివ్వదు. అందుకే పెసలను పుచ్చబెట్టే పురుగు రాజ్మాలో బతకదు.

మినుములపై ధీమా వద్దు

పుచ్చు పురుగుల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. పెసలు రెండింటికీ లొంగుతాయి. మినుములు ఒక రకాన్ని బాగా తట్టుకున్నా రెండో రకానికి పుచ్చిపోతాయి. చూడటానికి రెండు పురుగులూ దాదాపు ఒకేలా ఉంటాయి. కాబట్టి మినుములనూ జాగ్రత్తగానే నిల్వ చేయాలి.

పాటించాల్సినవి

- పురుగు పొలంలోనే కాయలపై గుడ్లు పెడుతుంది. కాయలు పండగానే కోయాలి.
- తేమ 9 శాతానికి మించకుండా గింజలను ఎండబెట్టాలి.
- విత్తనాలకు కిలోకు 5 మి.లీ. వేపనూనె పట్టించాలి.
- ఇంటి వాడకానికి కొంత పప్పుగా విరిచి ఉంచుకోవాలి. బద్దలపై పురుగు గుడ్లు తక్కువగా పెడుతుంది.
- మామూలు సంచుల్లో నిల్వ చేస్తే 15 రోజులకోసారి గింజలను పరిశీలించాలి. గుడ్లు కనిపిస్తే వెంటనే మళ్లీ ఎండబెట్టి, గాలి చొరబడని డబ్బాల్లోకి మార్చాలి.