ఎండలో పాము ఎక్కడికి పోవాలి?

కిందటేడు మే నెలలో కళింగపట్నంలో, దీపస్తంభానికి కాస్త ఇవతలి పేటలో, ఒకరి పెరట్లో కొబ్బరి మట్టల కుప్ప కదిపితే జెర్రిపోతు బయటపడింది. కుర్రాళ్ళు దాన్ని చంపలేదు. అంతవరకు ఎంతో మంచి పని చేశారు. ఇరవై లీటర్ల నీళ్ళ టిన్నులోకి తోలి, మూతకి రెండు చిల్లులు పొడిచి, శ్రీకాకుళం నుంచి పాములు పట్టే ఆయన వచ్చేదాకా గోడవారన పెట్టారు. పెట్టినప్పుడు అక్కడ నీడే ఉంది. గంటకల్లా ఆ నీడ పక్కకి జరిగిపోయింది.

నేను వెళ్ళేసరికి పాము నోరు తెరుచుకుని ఉంది. ముట్టెతో మూతని పొడుస్తోంది, జారిపోతోంది, మళ్ళీ పొడుస్తోంది. కాసేపటికి అదీ మానేసింది. టిన్ను వంచితే పాము వెల్లకిలా పడింది. బాగున్న పాముని వెల్లకిలా పడేస్తే క్షణంలో తిరగబడుతుంది. ఇది తిరగబడలేదు. ఒక కుర్రాడు పరుగున పోయి చేపల పెట్టెలోంచి ఐసు ముక్కలు తెచ్చి దాని మీద పోశాడు. పట్టేవాడు వచ్చేసరికి పాము చనిపోయింది.

"రోజూ ఎండలోనే తిరుగుతాది గదండీ, దానికేటవుద్ది?" అని అడిగాడు ఆ అబ్బాయి, బాధగానే. చాలామందికి ఉన్న సందేహమే అది.

పాముది 'చల్లని రక్తం' అని చిన్నప్పుడు చదువుకున్నాం. ఆ మాట సరికాదు. దాని రక్తం చుట్టూ ఉన్న చోటుని బట్టి వేడెక్కుతుంది, చల్లబడుతుంది. మన ప్రాంతపు పాములు చాలావాటికి ఒంటి వేడి 30 డిగ్రీల అటూ ఇటూ ఉంటే హాయి. తిన్నది అరగడం, కండరాలు పనిచేయడం, వేటాడడం అన్నీ అప్పుడే సాఫీగా సాగుతాయి. 40 దాటాక నరాలు, కండరాలు అదుపు తప్పుతాయి. మనకి చెమట ఉంది, కుక్కకి రొప్పడం ఉంది. పాముకి చెమట గ్రంథులు లేవు. ఒంటిని చల్లబరిచే యంత్రాంగం దాని ఒంట్లో దాదాపు లేనట్టే. అది ఉన్నది బయట, అంటే కన్నంలో, పుట్టలో, మట్టల కుప్ప కింద, గాబు పక్కన తడి నేలలో. ఎండలోంచి నీడలోకి మూరెడు దూరం జరిగితే చాలు, మనకి చెమట చేసే పని పాముకి అయిపోతుంది. రోజూ ఎండలో తిరిగే పాము నిజానికి రోజంతా ఎండని తప్పించుకుంటూ తిరిగే పాము. టిన్నులో పెట్టి మూత బిగిస్తే ఆ ఒక్క ఉపాయమూ పోయినట్టే.

మనం నిలబడితే పాదాలు మాత్రమే నేలకి ఆనుతాయి. పాము ఒళ్ళంతా ఆనించి పడుకుంటుంది. కాబట్టి దానికి గాలి వేడి కంటే నేల వేడి ముఖ్యం. వాతావరణ శాఖ చెప్పే 36, 38 డిగ్రీలు నీడలో గాలికి కొలిచినవి. అదే వేళకి కళింగపట్నం తీరంలో పొడి ఇసక పైపొర 50 డిగ్రీలు దాటిపోతుంది, చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసినవాళ్ళకి తెలుసు. అక్కడే ఒక మూరెడు తవ్వి చెయ్యి పెట్టి చూడండి. పగలూ రాత్రీ అక్కడ వేడిలో పెద్ద తేడా ఉండదు. సరుగుడు తోటల్లో ఎలకల కన్నాలు పాములకి ఎందుకు అంత ప్రాణమో అప్పుడు అర్థమవుతుంది.

పుట్ట సంగతి ఇంకా గొప్పది. సామెతలో చీమలు అంటాం గానీ పుట్టలు కట్టేది చెదపురుగులు. బెంగళూరు ప్రాంతపు పుట్టల మీద జరిపిన ఒక పరిశోధన 2015లో అచ్చయింది. పగలు పుట్ట అంచుల్లోని గొట్టాలు ముందు వేడెక్కుతాయి, వాటిలో గాలి పైకి లేస్తుంది, నడిమి గొట్టంలోంచి కిందికి దిగుతుంది. రాత్రి అంచులు ముందు చల్లబడతాయి, గాలి దారి తిరగబడుతుంది. పగటికీ రాత్రికీ ఉన్న వేడి తేడాతోనే పుట్ట ఊపిరి తీసుకుంటుందన్నమాట. నాగుపాము చేరేది ఇలాంటి ఇంట్లోకి. ఇక తూర్పు కనుమల్లోని గిరినాగు గుడ్ల కోసం ఇల్లు తానే కట్టుకుంటుంది. ఆడపాము ఒంటి చుట్టలతో ఆకులు పోగేసి గూడు పెడుతుంది. ఈ పని చేసే పాము ప్రపంచంలో ఇదొక్కటే.

పాములని దగ్గర పెట్టుకునే వాళ్ళ సంగతి ఇప్పుడు. ఒక మాట ముందే చెప్పాలి. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, రక్తపింజర లాంటి మన దేశపు పాములని పట్టి ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాముని పెంచేవాళ్ళు కూడా, 2022లో ఆ చట్టానికి వచ్చిన సవరణ తర్వాత, వివరాలు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. మన వైపు పాములు మనిషి సంరక్షణలో ఉండేది ముఖ్యంగా జంతు ప్రదర్శనశాలల్లో. విశాఖపట్నంలో ఇందిరాగాంధీ జూ 1977 నుంచి, హైదరాబాదులో నెహ్రూ జూ 1963 నుంచి ఉన్నాయి. ఏటా ఎండలు ముదరగానే జూలలో తుంపర గొట్టాలు, తడి గోనెపట్టాలు, కూలర్లు, తాటాకు పందిళ్ళు కనిపిస్తాయి.

ఈ తడి గోనె దగ్గరే కళింగపట్నం వాళ్ళు ఒక లెక్క తెలుసుకోవాలి. ఒక గ్రాము నీరు ఆవిరవుతూ సుమారు 580 కెలోరీల వేడిని లాక్కుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేది అందుకే. కానీ నీరు ఆవిరవ్వాలంటే గాలిలో దానికి చోటుండాలి. హైదరాబాదులో 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న రోజున, గాలి ఆడే చోట తడిగుడ్డ సుమారు 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. కళింగపట్నంలో 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజున అదే గుడ్డ 30 దగ్గరే ఆగిపోతుంది. ఎండ తక్కువైన చోటే గుడ్డ వేడిగా ఉంటుంది! సముద్రపు గాలి వీచే రోజున గోనెలు తడిపితే పెద్దగా ఒరిగేదేమీ లేదు, పైగా గాలి ఆడని పెట్టెలో ఆ తడికి పాము పొలుసులు పుండు పడతాయి. ఆ రోజున కావలసింది నీడ, గాలి, చల్లటి నేల. పడమర గాలి తిరిగిన రోజు వేరు. పొడి వేడి కొట్టుకొస్తుంది, పాదరసం ఎగబాకుతుంది. తీరప్రాంతాల్లో వేడి 37 డిగ్రీలకి చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వాతావరణ శాఖ వడగాడ్పు అని ప్రకటిస్తుంది. అలాంటి రోజున తడి గోనె నిజంగా పనిచేస్తుంది. కాబట్టి గోనె తడిపే ముందు గాలి ఎటునుంచి వీస్తోందో చూడాలి.

విదేశీ పాముని చట్టప్రకారం పెంచుతున్న తెలుగువాళ్ళకి, ఇక్కడైనా, ఆస్టిన్‌లో అయినా, నేను చెప్పేది ఒకటే. దానికి చలి కల్పించకండి, చోట్లు కల్పించండి. బాల్ పైథాన్ పెట్టెలో ఒక చివర 31, 32 డిగ్రీలు, రెండో చివర 25, 26 ఉంటే ఎక్కడ ఉండాలో అదే తేల్చుకుంటుంది. పెట్టె మొత్తం 35 దాటితే దానికి పోవడానికి చోటే ఉండదు. అద్దాల పెట్టె మీద కిటికీ ఎండ పడనివ్వకండి. ఎండ అద్దంలోంచి లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు, నిమిషాల్లో కొలిమి అవుతుంది. పగిలిన మట్టికుండ సగం బోర్లిస్తే మంచి గుహ. పాము ఒళ్ళంతా మునిగేంత నీళ్ళ తొట్టి పెట్టండి. కరెంటు పోతే ఐసు సీసాని గుడ్డలో చుట్టి పెట్టె బయట ఒక పక్కన ఆనించండి, లోపల వద్దు. బాగా వేడిగా ఉన్న రోజుల్లో మేత ఆపడం మేలు, తిన్న పాము ఒంట్లో పని పలు రెట్లు పెరుగుతుంది.

చేపల ఐసు ఆ జెర్రిపోతుని ఎందుకు కాపాడలేదో కూడా ఇక్కడే చెప్పాలి. పాకే జీవులు వేడెక్కేటప్పుడు చర్మం కిందికి రక్తం బాగా పారుతుంది, త్వరగా వేడెక్కుతాయి. చల్లబడేటప్పుడు ఆ పారకం తగ్గిపోతుంది, నెమ్మదిగా చల్లబడతాయి. పొద్దుటి ఎండలో కూడబెట్టుకున్న వేడిని నిలుపుకోవడానికి పనికొచ్చే ఏర్పాటది. మండిపోతున్న ఒంటి మీద ఐసు పోస్తే చర్మం కిందికి రక్తం పారడం తగ్గిపోయి, లోపలి వేడి త్వరగా బయటికి రాదు. నీడలో, మామూలు నీళ్ళలో, గాలి తగిలేలా ఉంచితే బతికే అవకాశం కాస్తయినా ఉండేది. ఆ రోజు ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

రోహిణి కార్తె వచ్చిందంటే పాములు మన ఇళ్ళకి దగ్గరవుతాయి. స్నానాల గది, నీళ్ళ కుండ అడుగు, గాబు వెనక తడి, ఇవన్నీ వాటికి పుట్టలతో సమానం. పగ పట్టి రావు, చల్లదనం వెతుక్కుంటూ వస్తాయి. కనిపిస్తే దూరంగా నిలబడి, పిల్లల్ని అవతలికి పంపి, తలుపు వేసి, అటవీ శాఖ వాళ్ళనో శిక్షణ ఉన్న పాములు పట్టేవాళ్ళనో పిలవండి. మీరు పట్టకండి. కాటు పడితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. పాముని ఎవరైనా అప్పటికే టిన్నులో పెట్టి ఉంటే, ఫోటో తీసే ముందు ఆ టిన్ను ఎండలో ఉందో నీడలో ఉందో చూడండి. గంట తర్వాత నీడ ఎటు జరుగుతుందో కూడా చూసి పెట్టించండి.