ఇంద్రావతిలో మిగులు ఎవరిది?

కేంద్ర జలశక్తి మంత్రిత్వ శాఖ కొలువుదీరిన శ్రమశక్తి భవనానికి భోపాల్‌పట్నం పేరు కొత్తది కాదు. దశాబ్దాలుగా అది అక్కడ ఊరిపేరుగా గాక, కట్టని ఒక ఆనకట్ట పేరుగానే చెలామణి అవుతూ వచ్చినది. ఇప్పుడు గోదావరి–కావేరి అనుసంధానం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ఆ ప్రాంతపు నీరు మళ్లీ లెక్కకు వస్తున్నది. ఇంద్రావతి పరీవాహకంలో ఛత్తీస్‌గఢ్ వాడుకోని 148 టి.ఎం.సి.ల నీటిని దక్షిణానికి మళ్లించవచ్చునని జాతీయ జలాభివృద్ధి సంస్థ ప్రతిపాదించినది. ఆ నీరు రేపు తమకే కావలసి వస్తుందని ఛత్తీస్‌గఢ్ వాదన.

తెలుగు పాఠకునికి ఇది పరాయి సీమ కాదు. హైదరాబాదు నుంచి వరంగల్లు, ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటిపోయే 163వ నంబరు జాతీయ రహదారి ముగిసేది భోపాల్‌పట్నంలోనే. బస్తర్ సంస్థానంలో ఒకనాటి జమీందారీ ఇది. దోర్లలు, గోండులు, తెలుగు మాట్లాడేవారు కలిసి బ్రతుకుతున్న చోటు. టేకు, వెదురు, తునికాకు, ఇప్పపువ్వు ఇక్కడి సంపద. కుచ్నూరు ప్రాంతంలో కురువిందం రాళ్లున్నవి. ఎగువన అడవి గేదెలకు ఆశ్రయమైన ఇంద్రావతి అభయారణ్యం వున్నది. రాజధానిలో ఎవరైనా ఒక ప్రాంతాన్ని ‘వనరుల గని’ అని పొగిడితే ఆ ప్రాంతం వారు కొంచెం జాగ్రత్తపడటం మంచిది.

1980లో బచావత్ ట్రిబ్యునల్ తీర్పు వెలువడిన నాటికి గోదావరిపై ఇచ్చంపల్లి, ఇంద్రావతిపై భోపాల్‌పట్నం జలవిద్యుత్ పథకాలు ప్రభుత్వాల ఆలోచనలో వున్నవి. మునిగేది ఆదివాసుల అడవి. 1983లో బాబా ఆమ్టే ఈ విషయమై ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీకి లేఖ వ్రాశారు. మరుసటి యేడు అడవినీ మనిషినీ కాపాడాలంటూ ఉద్యమం సాగినది. 1983లోనే ఇంద్రావతి అడవి పులుల సంరక్షణ పథకంలో చేరినది. ఆ ఆనకట్టలు నేటికీ లేవలేదు.

ఇంతకూ ‘మిగులు’ అంటే ఏమిటి? కలహండి కొండలలో పుట్టిన ఈ నది 500 కిలోమీటర్లకు పైగా ప్రవహించి భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తున్నది. ఒరిస్సా తన ఎగువ ఇంద్రావతి జలాశయం నుంచి కొంత నీటిని మహానది వైపు మళ్లించుకున్నది. జౌరా వాగు మరికొంత నీటిని శబరికి చేరుస్తున్నది. వేసవిలో చిత్రకూట్ జలపాతం సన్నని ధారలుగా చీలిపోతుంది. వర్షాకాలంలో కథ వేరు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినది. అంటే సంవత్సరపు సగటులో కనిపించే మిగులు చాలావరకు నాలుగు నెలల వరదయే. ఇప్పటి ప్రతిపాదనలో వెనుకటి ఎత్తైన ఆనకట్ట లేదు, బ్యారేజీ మాత్రమే వున్నది. ముంపు తగ్గుతుంది, నిజమే. నిల్వ కూడా తగ్గుతుంది. అప్పుడు జనవరిలో కావేరి రైతుకు నీరు ఎక్కడి నుంచి వస్తుందో నిపుణులు వివరించవలసి వున్నది.

మరొక సంగతిని కూడా గమనించాలి. రాయపూర్ అభ్యంతరమూ, భోపాల్‌పట్నం అభ్యంతరమూ ఒకటి కావు. ఇదే నదిపై బార్సూర్ దగ్గర 1979లో ప్రధాని శ్రీ మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన బోధ్‌ఘాట్ పథకాన్ని 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే మళ్లీ పైకి తీసినది. అక్కడ మునిగేదీ ఆదివాసుల పల్లెలే. పోలవరం ముంపు వల్ల కోంటా ప్రాంతానికి నష్టమని సుప్రీంకోర్టుకు వెళ్లినదీ ఆ ప్రభుత్వమే. తన రాష్ట్రంలో తాను ముంచితే అభివృద్ధి, పొరుగువారు ముంచితే అన్యాయం అన్న ధోరణి ఏ ఒక్క రాష్ట్రానికీ పరిమితం కాదు. తెలుగు రాష్ట్రాలూ ఇందుకు మినహాయింపు కావు.

రాష్ట్రాల మధ్య బేరం కుదిరితే చాలునన్నట్లుగా రాజధానిలో మాటలు సాగుతుంటాయి. కాని షెడ్యూల్డ్ ప్రాంతాలలో భూసేకరణకు ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించవలెనని 1996 నాటి చట్టం చెబుతున్నది. అడవిపై ఆదివాసుల హక్కులను 2006 చట్టం గుర్తించినది. 1980 నాటి తీర్పు వెలువడినప్పుడు ఈ రెండు చట్టాలూ లేవు. నేటి ప్రతిపాదనకు ఆ వెసులుబాటు లేదు.