కేబుల్ తన్యతలు: యూనిట్ సదిశల పద్ధతి

గత విభాగంలో ఒకే తలంలో పనిచేసే బలాలను సైన్, కొసైన్‌లతో అంశాలుగా విడదీశాం. మూడు కేబుళ్లు మూడు దిక్కులకు లాగుతున్నప్పుడు కూడా ఆ పద్ధతి పనిచేస్తుంది. కాని ఏ కోణాన్ని ఏ తలంలో కొలవాలో తేల్చుకోవడానికే సగం సమయం పోతుంది. కేబుల్ రెండు చివరల నిరూపకాలు తెలిస్తే అసలు కోణాలతో పనే లేదు.

600 న్యూటన్ల బరువును ఒక రింగుకు వేలాడదీశారనుకుందాం. రింగును పైకప్పులోని బి, సి, డి కొక్కేలకు మూడు కేబుళ్లతో కట్టారు. రింగు మూలబిందువు, జెడ్ అక్షం నిలువుగా పైకి. మీటర్లలో బి (2, 3, 6), సి (2, −3, 6), డి (−8, 0, 6). కేబుళ్ల సొంత బరువును వదిలేద్దాం.

రింగు నుంచి బి కి సదిశ (2, 3, 6). దాని పొడవు √(4 + 9 + 36) = 7 మీటర్లు. భాగిస్తే (2/7, 3/7, 6/7) వస్తుంది; ఇదే ఆ కేబుల్ దిశలోని యూనిట్ సదిశ. మీటర్లను మీటర్లతో భాగించాం కాబట్టి ఇక్కడ దిశ ఒక్కటే మిగిలింది. పేరులో యూనిట్ ఉన్నా దీనికి యూనిట్లు లేవు! అలాగే సి కి (2/7, −3/7, 6/7), డి కేబుల్ పొడవు 10 మీటర్లు కాబట్టి దానికి (−0.8, 0, 0.6). సదిశను ఎప్పుడూ రింగు నుంచి కొక్కెం వైపే తీసుకోండి. కేబుల్ లాగగలదు, నెట్టలేదు.

తన్యతలు త₁, త₂, త₃ అయితే సమతాస్థితి సమీకరణాలు ఇవి:

ఎక్స్: (2/7)త₁ + (2/7)త₂ − 0.8త₃ = 0
వై: (3/7)త₁ − (3/7)త₂ = 0
జెడ్: (6/7)త₁ + (6/7)త₂ + 0.6త₃ = 600

రెండో సమీకరణం నుంచి త₁ = త₂. మొదటిదాని నుంచి త₃ = (5/7)త₁. మూడోదానిలో ప్రతిక్షేపిస్తే త₁ = త₂ = 280, త₃ = 200 న్యూటన్లు. అన్నిటికంటే పొడవైన కేబుల్‌లోనే తన్యత తక్కువగా ఉంది, చూశారా? పొడవుకూ బలానికీ నేరుగా సంబంధం లేదు.

జవాబు పత్రాలలో తరచుగా కనిపించే తప్పు ఒకటుంది. పొడవుతో భాగించకుండా (2, 3, 6) నే త₁ తో గుణించేస్తారు. అప్పుడు 40, 40, 20 వస్తాయి. ప్రమాదం ఏమిటంటే, సరిచూస్తే ఇవి సరిపోతాయి కూడా: 240 + 240 + 120 = 600. కాని 40 అనేది న్యూటన్లలో లేదు, మీటరుకు న్యూటన్లలో ఉంది. దాన్ని 7 తో గుణిస్తేనే తన్యత 280 వస్తుంది. సమీకరణం సరిపోయిందని తృప్తిపడకుండా యూనిట్లు కూడా చూడాలి.

ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోప్‌లో దాదాపు 900 టన్నుల వేదిక మూడు టవర్ల నుంచి కేబుళ్లతో వేలాడేది. ఒక టవర్ వైపు వెళ్లే కేబుళ్లన్నిటినీ స్థూలంగా ఒకే దిశ అనుకుంటే అది మన లెక్కే. అయితే ఆ దిశలోని మొత్తం బలాన్ని ఆ కేబుళ్లు తమలో ఎలా పంచుకుంటాయో ఈ మూడు సమీకరణాలు చెప్పవు. అందుకు కేబుళ్ల సాగుదల కూడా తెలియాలి. 2020 ఆగస్టులో ఒక సహాయక కేబుల్ సాకెట్ నుంచి ఊడిపోయింది. దాని భారం మిగిలినవాటిపై పడింది. నవంబరులో అదే టవర్‌కు చెందిన ఒక ప్రధాన కేబుల్ తెగింది. అది మోయగలదని ఇంజనీర్లు అనుకున్న భారంలోనే తెగింది. డిసెంబర్ 1న వేదిక కూలిపోయింది. తన్యత ఎంతో చెప్పడం వరకే స్థితిశాస్త్రం పని. కేబుల్‌లో ఎంత సత్తా మిగిలి ఉందో పదార్థాల బలం గురించిన పాఠంలో చూద్దాం.

అభ్యాసం: పై లెక్కలో డి కొక్కేన్ని (8, 0, 6) వద్దకు మార్చి మళ్లీ సాధించండి. త₃ రుణాత్మకంగా వస్తుంది. అప్పుడు రింగు మూలబిందువు వద్దే నిలుస్తుందా? కారణం రాయండి.