కనుపాప చెప్పు కబురు



కంటి నడుమ నల్లగా కనబడు వృత్తమును మనము కనుపాప యందుము. అమరకోశము దానిని తారక యనియు, కనీనిక యనియు పేర్కొనినది. అది వెలుతురు లోనికి పోవు ద్వారము మాత్రమే. వెలుతురు తగిలినపుడు ముడుచుకొనును, చీకటిలో విచ్చుకొనును.

నా తమ్మునికి 56వ యేట ఎడమ ప్రక్క పక్షవాతము వచ్చెను. ఆసుపత్రిలో నర్సమ్మ గంటగంటకు వచ్చి, అతని రెప్పలు విప్పి, చిన్న టార్చి వెలుగు కన్నులలో వేసి చూచుచుండెను. రెండవనాటి రాత్రి నేను విసిగి, "పడుకొన్నవానిని ఏల బాధించెదవమ్మా?" అని కసరితిని. ఆమె, "ఆయన నోరు చెప్పలేనిది కన్ను చెపుతుందండీ, తాతగారూ" అని తన పని తాను చేసికొని పోయెను.

అదెట్లో వినుడు. వెలుతురు తగిలినదను వార్త కంటినుండి నడిమి మెదడునకు పోవును. అచటనుండి మూడవ కపాలనాడి మార్గమున ఆజ్ఞ తిరిగివచ్చి, రెండు పాపలను ఒక్కసారిగా ముడుచును. మెదడులో పెద్ద రక్తనాళము మూసికొనిపోయినచో, ఆ భాగము చచ్చి, రెండవ దినము మొదలు అయిదవ దినము వరకు వాచుచుండును. పుర్రె యెముక గనుక చోటీయదు. వాచిన మెదడు క్రిందికి జారి ఆ నాడిని నొక్కును. అప్పుడు ఆ ప్రక్కపాప పెద్దదై, వెలుతురునకు మందముగా కదలి, తుదకు కదలక నిలిచిపోవును. శరీరమున చచ్చుబడిన ప్రక్కకు మెదడు దెబ్బ ఎదుటి ప్రక్క నుండును. పాప మాత్రము సాధారణముగా దెబ్బ తగిలిన ప్రక్కనే విచ్చును.

ఆ రాత్రియే నా తమ్ముని కుడిపాప ఎడమదానికంటె పెద్దదాయెను. వైద్యులు వెంటనే స్కానింగు తీయించి, వాపునకు చోటగునట్లు పుర్రెయెముకలో కొంత తొలగించిరి. నేడు అతని ఎడమచేయి లేవదు. కాని మమ్ము గుర్తించును, మాటాడును. నా మాట విని ఆ తల్లి వెనుదిరిగియుండినచో ఏమయ్యెడిది?

2007లో ప్రకటింపబడిన మూడు ఐరోపా పరిశోధనల ఉమ్మడి ఫలితము గమనింపదగినది. అరువది యేండ్లకు మించని యట్టి రోగులలో, 48 గంటలలోపల ఈ శస్త్రచికిత్స జరిగినవారు నూటికి 78 మంది యేడాది తరువాత బ్రతికియుండిరి. జరుగనివారు 29 మందియే. బ్రతికినవారిలో పలువురికి ఇతరుల సాయము తప్పదను మాటయు మరువరాదు.

పాపల భేదమెల్ల అపాయము గాదు. కొందరికి స్వభావముగనే స్వల్పభేద ముండును. శుక్లములకు శస్త్రచికిత్స జరిగియున్నను, కంటిలో చుక్కలమందు వేసికొనుచున్నను పాప తీరు మారవచ్చును. కావున ఆ సంగతి ముందే వైద్యునకు తెలుపుడు. రెండు పాపలును సూదిమొనలంతగా ముడుచుకొనుట మెదడు కాండములో రక్తస్రావమునకు గుర్తు కావచ్చును.

అయ్యా, ఇంటివద్ద కన్నులు పరీక్షించుచు కాలము గడపకుడు. ఇది ఆలస్యముగా కనబడు చిహ్నము. మూతి వంకరపోయినను, చేయి వ్రాలినను, మాట తడబడినను తక్షణమే 108కి ఫోను చేయుడు. గడ్డను కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే ఈయదగినది. ఆసుపత్రిలో రాత్రివేళ టార్చి పట్టుకొని వచ్చువారిని మాత్రము నావలె అడ్డగింపకుడు.