సూపర్ కంప్యూటర్ల నిర్మాణం - ప్రోగ్రామింగు సౌలభ్యం

సూపర్ కంప్యూటరు అనగా తన కాలపు సాధారణ కంప్యూటర్ల కంటె ఎన్నో రెట్లు వేగంగా గణనలు చేయగల యంత్రము. దీని వేగాన్ని ఫ్లాప్స్‌లలో, అనగా సెకనుకు చేయగల దశాంశ గణనల సంఖ్యలో, కొలుస్తారు. సెకనుకు వెయ్యి లక్షల కోట్ల గణనలు చేస్తే అది ఒక పెటాఫ్లాప్. దానికి వెయ్యి రెట్లు ఎక్సాఫ్లాప్. వేగాన్ని గురించి పత్రికలలో తరచుగా వ్రాస్తారు గాని, ఆ వేగాన్ని వాడుకొనే ప్రోగ్రాము వ్రాయడం ఎంత కష్టమో సాధారణంగా చెప్పరు. ఈ వ్యాసంలో ముఖ్యంగా ఆ రెండవ విషయమే వివరించబడినది.

హైదరాబాదులో తొలి ప్రయత్నం

విమానాల రూపకల్పనలో రెక్కల చుట్టూ గాలి ఎట్లా ప్రవహిస్తుందో లెక్కకట్టవలసి ఉంటుంది. ఇందుకోసం రక్షణ పరిశోధన సంస్థకు చెందిన అనురాగ్ ప్రయోగశాల హైదరాబాదులో 1988 ఆగస్టులో 'పేస్' అనే సమాంతర కంప్యూటరు నిర్మాణం మొదలుపెట్టింది. మొదటి నమూనాలో నాలుగు మోటరోలా 68020 ప్రాసెసర్లు ఉండేవి. అదే సంవత్సరం పూణేలో ఏర్పడిన సి-డాక్ సంస్థ 1991లో పరమ్ 8000ను తయారుచేసింది. ఒకే ఒక మహావేగపు ప్రాసెసరుకు బదులు, మామూలు ప్రాసెసర్లను అనేకం కలిపి పనిచేయించడం ఈ రెండింటి మూలసూత్రం. తరువాత ప్రపంచమంతా ఈ దారినే పట్టింది. ప్రస్తుతం హైదరాబాదు ఐఐటీలో ఉన్న పరమ్ సేవ సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్.

కష్టమెక్కడ?

పదవ తరగతి జవాబు పత్రాల స్పాట్ వాల్యుయేషనును ఉదాహరణగా తీసుకుందాం. వెయ్యి పత్రాలను ఒకరు దిద్దడం కంటె పదిమంది పంచుకొంటే పని త్వరగా అవుతుంది. కాని కట్టలు విప్పి పంచడం, చివర మార్కులన్నీ ఒకచోట చేర్చడం ఒక్కరే చేయాలనుకొందాం. దిద్దేవారిని ఎందరిని పెంచినా ఆ ఒక్కరి పనికి పట్టే సమయం తగ్గదు. జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం ఇదే. ప్రోగ్రాములో నూటికి 5 వంతులు విడదీయరాని పని ఉంటే, లక్ష ప్రాసెసర్లు పెట్టినా వేగం 20 రెట్లకు మించదు.

గాలి ప్రవాహపు లెక్కలో మరొక చిక్కు ఉన్నది. జవాబు పత్రాలు ఒకదానిపై ఒకటి ఆధారపడవు. గాలి అట్లా కాదు. ఆకాశాన్ని గడులుగా విభజించి ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క ప్రాసెసరుకు ఇస్తే, సరిహద్దు గడుల విలువలను అవి అడుగడుగునా ఇచ్చిపుచ్చుకోవాలి. 1994లో వెలువడిన ఎంపీఐ ప్రమాణంలో ఈ సందేశాలన్నింటినీ ప్రోగ్రామరే వ్రాయాలి. ఒకటి తప్పితే యంత్రమంతా ఎదురుచూస్తూ నిలిచిపోవచ్చు. 2007 తరువాత జీపీయూలు రావడంతో, వాటి జ్ఞాపకశక్తికి దత్తాంశాన్ని పంపి తిరిగి తెచ్చుకొనే భారం కూడా తోడైంది.

తీరప్రాంతానికి దీనితో ఏమి పని?

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది మరణించారు. తుపాను రాకను ముందుగా తెలిపే నమూనాలు ఇటువంటి యంత్రాలపైనే నడుస్తాయి. 2025 మే నెలలో మన దేశం ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి పరిమాణం 12 కిలోమీటర్ల నుండి 6 కిలోమీటర్లకు తగ్గింది. గడి సగమైతే గడుల సంఖ్య నాలుగింతలవుతుంది. కాలపు అంగను కూడా సగం చేయాలి కనుక లెక్క సుమారు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. రేపటి వాతావరణం ఎల్లుండి తేలితే ఎవరికీ ఉపయోగం లేదు. కొత్త యంత్రం కొన్నంత మాత్రాన ఇది సాధ్యపడదు. ఫోర్ట్రాన్‌లో దశాబ్దాలుగా వ్రాసుకొంటూ వచ్చిన లక్షల పంక్తులను ఆ యంత్రానికి అనుగుణంగా మలచాలి. ఈ పనికి తగిన మనుషులను తయారుచేయడం యంత్రం కొనడం కంటె ఆలస్యమయ్యే పని అని చెప్పవచ్చు.

విద్యుత్తు

2022 జూన్‌లో 1.1 ఎక్సాఫ్లాప్స్ దాటిన అమెరికా యంత్రం ఫ్రాంటియర్ ఆ పరీక్షలో సుమారు 21 మెగావాట్లు వాడింది. కడప జిల్లా కలమల్ల వద్ద ఉన్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్లు ఉన్నాయి; అందులో ఒక యూనిట్ ఉత్పత్తిలో పదోవంతు ఈ ఒక్క కంప్యూటరుకే సరిపోతుందన్నమాట. వాట్‌కు ఎక్కువ లెక్క చేస్తాయి కనుకనే నిర్మాతలు జీపీయూల వైపు మొగ్గారు. ప్రోగ్రామరు కష్టానికి మూలం కూడా ఈ పొదుపే.

ముందున్న మార్గాలు

ప్రోగ్రామింగును సులభం చేయడానికి అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2002లో ఒక పథకం చేపట్టగా చాపెల్, ఎక్స్10, ఫోర్ట్రెస్ అనే మూడు భాషలు వచ్చాయి. వీటిలో ఫోర్ట్రెస్ అభివృద్ధి 2012లో ఆగిపోయింది, చాపెల్ నేటికీ కొనసాగుతున్నది. అయినా శాస్త్రవేత్తలలో అధికులు పాత భాషలను వదలలేదు. నడుస్తున్న ప్రోగ్రామును తిరిగి వ్రాసే తీరిక ఎవరికున్నది? అందువలన పాత ప్రోగ్రాముకే సూచనలు జోడించే ఓపెన్ఎంపీ, ఓపెన్ఏసీసీ పద్ధతులకు ఆదరణ ఎక్కువ.

యంత్ర నిర్మాణంలోనే భారం తగ్గించే ప్రయత్నం కూడా జరుగుతున్నది. 2024 నవంబరులో 1.742 ఎక్సాఫ్లాప్స్‌తో ప్రథమస్థానం పొందిన ఎల్ క్యాపిటన్‌లో సీపీయూ, జీపీయూలను ఒకే చిప్ సముదాయంలో అమర్చి, రెండింటికీ ఉమ్మడి జ్ఞాపకశక్తిని ఇచ్చారు. దీనివలన దత్తాంశాన్ని ఒకదాని నుండి మరొకదానికి నకలు చేసే పని తప్పింది. వేర్వేరు చిప్ సముదాయాల నడుమ సందేశాలు పంపే పని మాత్రం ప్రోగ్రామరుకు మిగిలే ఉన్నది.